చేతిదాకా వచ్చిన ఇల్లు వేరేవాళ్లకి వెళ్లిపోయింది, ఇప్పుడేం చేయాలి?

ఈసారి ఉత్తరం హైదరాబాద్ నిజాంపేట్ నుంచి. పేరు రాయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

ఆవిడకి 33 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి వచ్చేది నెలకు 1,35,000. ఐదేళ్ల పాప, అత్తమామలు కూడా వీళ్లతోనే. అద్దె 22 వేలు. చిట్టీ పాడిన డబ్బు, డిపాజిట్లు, గాజులు అమ్మిన డబ్బు అన్నీ కలిపితే 22 లక్షలు. ఏడాదికి పైగా ఆదివారాలన్నీ ఫ్లాట్లు చూడటానికే పోయాక, ప్రగతినగర్‌లో ఒక రీసేల్ ఫ్లాట్ అందరికీ నచ్చింది. తూర్పు ముఖం, నాలుగో అంతస్తు, వంటింటి పక్కన తులసి కోట పెట్టుకునేంత చోటు. 78 లక్షలకు బేరం కుదిరింది. ఓనర్ ఖాతాకు లక్ష రూపాయలు ఫోన్‌పేలో బయానా పంపారు, ఆ మెసేజ్ తప్ప ఇంకే కాగితమూ లేదు. అగ్రిమెంట్ రాసుకుందాం అనేసరికి అత్తగారు మూఢం నడుస్తోంది, అది పోయాక రాసుకుందాం అన్నారు. ఈలోగా బ్యాంకువాళ్ల లాయరు లింక్ డాక్యుమెంట్లలో, అంటే ఆ ఆస్తి ఎవరి నుంచి ఎవరికి చేతులు మారిందో చూపే పాత కాగితాల్లో, ఒకటి తక్కువైందని ఫైలు ఆపాడు. ఆ తర్వాత ఒకరోజు ఈవిడ క్లాసులో ఉండగా లక్ష రూపాయలు జమ అయినట్టు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఓనర్ వెనక్కి పంపేశారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వేరేవాళ్లు 82 లక్షలకు, పదిహేను రోజుల్లో మొత్తం డబ్బు కట్టేలా మాట్లాడుకున్నారని బ్రోకర్ చెప్పాడు.

అప్పటి నుంచి ఇంట్లో ఎవరితో ఎవరికీ సరిగా మాటల్లేవు. "మూఢం పేరు చెప్పి అత్తయ్య నా ఇల్లు పోగొట్టారు, ఆవిడ మొహం చూడాలంటేనే మనసొప్పడం లేదు" అని రాశారు. భర్త ఇక ఇల్లు అనే మాట ఎత్తొద్దంటున్నారు. మావగారు ఊళ్లో ఎకరం అమ్మేద్దామంటున్నారు, అమ్మితే 30 లక్షలు వస్తాయట. ఆడపడుచు భర్త కొల్లూరు వైపు ఎవరో ప్రీలాంచ్‌లో, అంటే అనుమతులు రాకముందే అమ్మే పద్ధతిలో, 40 లక్షలకే ఇస్తున్నారు, మొత్తం ఒకేసారి కట్టాలి, తొందరపడండి అంటున్నారు. ఆవిడ అడుగుతున్నవి ఇవి: ఓనర్ మీద లీగల్ నోటీసు ఇవ్వచ్చా? బడ్జెట్ 92 లక్షలకు పెంచి అదే ఏరియాలో ఇంకోటి చూసుకోవాలా? ప్రీలాంచ్‌లో కట్టేయాలా? లేక ఆయనన్నట్టు ఇంటి సంగతే వదిలేయాలా? చుట్టాలందరికీ ఫొటోలు పంపేశాను, ఇప్పుడు ఏమైందని అడుగుతుంటే చచ్చిపోవాలనిపిస్తోంది అని కూడా రాశారు.

అమ్మా, ముందు ఆ చివరి వాక్యం గురించే అడుగుతాను. అది మాటవరసకు అన్నదే అయితే సరే. నిజంగానే అలాంటి ఆలోచనలు వస్తుంటే, రాత్రిళ్లు నిద్ర పట్టకపోతుంటే, ఇంటి సంగతి పక్కన పెట్టి మీ ఆయనకో మీ అమ్మగారికో ఇవాళే చెప్పండి, లేదా 14416 కి ఫోన్ చేయండి. అది టెలిమానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఎప్పుడు చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక అసలు విషయం. నోటి దగ్గరి ముద్ద లాగేసుకున్నట్టుందని రాశారు. అలా అనిపించడంలో తప్పేం లేదు. మంచం ఎక్కడ వేయాలో పాప చెప్పడం, ఫ్రిజ్ పడుతుందో లేదో మీరు టేపుతో కొలుచుకోవడం, ఆ వీధిలో ఏ స్కూలుందో కనుక్కోవడం ఇవన్నీ చేశాక మనసు అప్పటికే ఆ ఇంట్లో కాపురం పెట్టేస్తుంది. "అగ్రిమెంటే కాలేదుగా, ఇంత బాధ దేనికి" అనేవాళ్ల మాట పట్టించుకోకండి. కానీ ఈ బాధలో మీరొక నిర్ణయానికి వచ్చేశారు, అత్తగారి వల్లే ఇల్లు పోయిందని. దాన్ని మాత్రం నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మీ ఉత్తరం మధ్యలో ఒక మాట రాసి వదిలేశారు. మొదటిసారి ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడే ఓనర్, "25 లక్షలు క్యాష్‌గా ఇవ్వగలరా, డాక్యుమెంట్‌లో 53 చూపిద్దాం" అని అడిగారని, మేం లోన్ మీద కొనేవాళ్లం అంటే "సరే చూద్దాం" అన్నారని. మొత్తం ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. ఆయనకు క్యాష్ కావాలి. మీరు ఇవ్వలేరు. "చూద్దాం" అన్నారంటే అంతకన్నా మంచి పార్టీ వచ్చేదాకా మిమ్మల్ని చేతిలో ఉంచుకుందామనే. మీ బయానా తీసుకున్నాక కూడా బ్రోకర్ ఆ ఫ్లాట్ వేరేవాళ్లకి చూపిస్తూనే ఉన్నాడని మీరే రాశారు కదా.

ఆయన అడిగినట్టే చేద్దామనుకున్నా మీకు కుదిరేది కాదు. ఎలాగంటే, బ్యాంకు లోన్ ఇచ్చేది డాక్యుమెంట్‌లో రాసిన ధర మీద. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే ఇంటి లోన్‌కి ఇల్లు విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదు. 53 లక్షల మీద 80 శాతం అంటే 42.4 లక్షలు. అంటే 78 లక్షల్లో మిగిలిన 35.6 లక్షలు మీరు పెట్టుకోవాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు కాకుండా. మీ దగ్గరున్నది 22. పైగా ఇల్లు, స్థలం అమ్మేవాళ్లు 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషేధం, పట్టుబడితే తీసుకున్నంతా పెనాల్టీగా కట్టాల్సి రావచ్చు. రిస్కు ఆయనొక్కడిదే అనుకోకండి. క్యాష్ ఇచ్చాక బేరం చెడితే ఆ 25 లక్షలు ఇచ్చామని మీరు రుజువు చేసుకోలేరు. తర్వాతెప్పుడో మీరే ఆ ఇల్లు అమ్ముకుంటే, కొన్న ధర కాగితం మీద 53 లక్షలే కాబట్టి లాభం ఎక్కువ కనబడి పన్ను కూడా మీరే ఎక్కువ కడతారు.

కాబట్టి మూఢం లేకపోయినా ఆ ఇల్లు మీకు దక్కేదా అంటే, చాలా కష్టం అనే చెబుతాను. అగ్రిమెంట్ రాసుకుని ఐదారు లక్షలు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఆయన మాట తప్పడానికి కాస్త వెనకాడేవారేమో, అది నేను కాదనను. కానీ అప్పటికి బ్యాంకు ఫైలు ఆగి ఉంది. లింక్ డాక్యుమెంట్ దొరక్క లోన్ రాకపోతే, రాసుకున్న గడువులోగా మీరు డబ్బు కట్టలేకపోతే, ఆ అడ్వాన్స్ తిరిగి రావడమే గొడవయ్యేది. మీ అత్తగారికి ఇవేవీ తెలియవు. ఇల్లు కొనడమంటే జీవితంలో ఒక్కసారి జరిగే పని, అది మంచి ఘడియలో జరగాలనుకున్నారు, అంతే. ఆవిడ కూడా ఇప్పుడు లోపల్లోపల కుమిలిపోతూ ఉండొచ్చు. "ఆ ఇల్లు మనకు రాసిపెట్టి లేదు" అన్నారని కోపంగా రాశారు కానీ, తన వల్ల పోయిందేమో అన్న భయంతో అన్నమాటలా ఉంది నాకు.

మీ ఉత్తరం చదివి కాగితం మీద లెక్క వేస్తే ఇంకో సంగతి కూడా తేలింది. 78 లక్షలకు 80 శాతం లోన్ అంటే 62.4 లక్షలు. మీ చేతి నుంచి 15.6. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 2021 జులై నుంచి 7.5 శాతం, అంటే 5.85 లక్షలు, దీన్ని బ్యాంకు ఇంటి ధరలో కలుపుకోదు. మొత్తం 21.45 లక్షలు. మీ 22 లక్షల్లో మిగిలేది 55 వేలు. బ్రోకర్‌కి ఒక శాతం అన్నారు, అదొక్కటే 78 వేలు. అంటే గృహప్రవేశానికి ముందే చేబదులు. ఆ తర్వాత సున్నాలు, గ్రిల్స్, కబోర్డులు, సామాన్ల లారీ. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ అనుకుంటే లక్షకు నెలకు సుమారు 868 రూపాయలు పడుతుంది, 62.4 లక్షలకు 54 వేలు దాటుతుంది. మావగారికి షుగర్ అని రాశారు, పాప వచ్చే ఏడాది ఒకటో తరగతి. చేతిలో పైసా లేకుండా ఈ నెలవారీ కిస్తీతో మొదటి ఏడాది గడవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ ఇల్లు మంచిది కాదని అనడం లేదు. మీ స్తోమతకి అంచు మీద ఉన్న ఇల్లది.

ఇక మీరడిగినవి.

లీగల్ నోటీసు ఇవ్వచ్చు. నోటిమాట ఒప్పందానికి కూడా చట్టంలో విలువ ఉంటుంది, కాకపోతే ఏ ధరకు, ఏ గడువులో, ఏ షరతులతో అనుకున్నారో రుజువు చేయాలి. ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు కొంత పనికొస్తాయి. ఒప్పుకున్న ఇల్లు అమ్మి తీరాలని కోర్టును అడగటానికి 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఉంది, 2018 సవరణ తర్వాత అది కొనేవాళ్లకు ఇంకొంచెం అనుకూలంగా మారింది కూడా. కానీ ఆ కేసులో డబ్బుతో మేం సిద్ధంగా ఉన్నామని మీరు చూపించాలి, మీ లోన్ అప్పటికి మంజూరే కాలేదు. లక్ష తిరిగి వచ్చింది, మీరు అట్టిపెట్టుకున్నారు. మీ సంగతి తెలియకుండా డబ్బు కట్టి నిజాయితీగా కొన్న మూడో మనిషికి అదే చట్టం రక్షణ ఇస్తుంది. ఇవన్నీ మీకు అడ్డే. అయినా మనసు ఒప్పుకోకపోతే ఒక పని చేయండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ ఫ్లాట్ ఈసీ, అంటే దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే పత్రం, చూడండి. వేరేవాళ్ల పేరు మీద రిజిస్టర్ అయిపోయి ఉంటే ఇక ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఇంకా కాకపోతే, సివిల్ కేసులు చూసే లాయర్ దగ్గరకు మీ కాగితాలు పట్టుకుని ఒక్కసారి వెళ్లి, గెలిచే అవకాశం ఎంత, ఖర్చెంత, ఎన్నేళ్లు పడుతుంది అని మొహమాటం లేకుండా అడగండి. నోటీసు ఒక్కటి పంపితే భయపడి ఓనర్ దిగొస్తాడని ఎవరైనా అంటే నమ్మకండి, నాలుగు లక్షలు ఎక్కువ వచ్చిన మనిషికి నోటీసుకి జవాబు రాయించడం పెద్ద ఖర్చు కాదు. మీ స్థానంలో నా చెల్లెలుంటే, కోర్టు గుమ్మం ఎక్కకుండా ఆ శక్తినంతా ఇంకో ఇల్లు వెతకడంలో పెట్టమంటాను. కానీ అన్యాయం జరిగింది మీకు, ఆ నిర్ణయం మీరే తీసుకోవాలి.

బడ్జెట్ 92 లక్షలకు పెంచడం. 80 శాతం లోన్ 73.6 లక్షలు, కిస్తీ దాదాపు 64 వేలు. మీ జీతాల్లో దాదాపు సగం. చేతి నుంచి 18.4, రిజిస్ట్రేషన్ 6.9, కలిపి 25.3 లక్షలు, అంటే మొదటి రోజే మూడు లక్షల పైన లోటు. మీ ఇద్దరిలో ఒకరి ఉద్యోగం ఆరు నెలలు లేకపోయినా కట్టగలమా అని ఆలోచించండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల సంగతి మీ ఆయనకు తెలియంది కాదు. ఇక్కడే మావగారి ఎకరం వస్తుంది. పెద్దాయన మనసు గొప్పది, ఇవ్వాలనుకోవడం చాలు మీకు కొండంత బలం. కానీ అది ఆయన స్వార్జితమా, తాతల ఆస్తా అనేది ముందు తెలుసుకోండి. తాతల నాటిదైతే మీ ఆడపడుచుకీ అందులో హక్కుంటుంది, 2005 నుంచి హిందూ వారసత్వ చట్టం కూతురిని కొడుకుతో సమానంగా చూస్తుంది. ఆవిడతో చెప్పకుండా అమ్మితే ఇల్లు వస్తుంది, రాకపోకలు పోతాయి. స్వార్జితమే అయినా ఆ ఎకరం మీద వచ్చే కౌలు డబ్బుతో ఆయన మందులు కొనుక్కుంటున్నారేమో అడగండి. అమ్మాలనే అనుకుంటే, ఆడపడుచునీ ఆవిడ భర్తనీ కూర్చోబెట్టి, ఎవరికి ఎంతో తేల్చి, కాగితం రాసుకుని అమ్మండి. అప్పుడు మీ బడ్జెట్ పెరిగినా పర్వాలేదు, ఎందుకంటే లోన్ పెరగదు. ఎకరం అమ్మకుండా లోన్ మాత్రమే పెంచి 92కి వెళ్లడం నాకు భయంగా ఉంది. 78 లక్షల ఇల్లు పోయిన కసితో అంతకన్నా మంచిది కొని చూపించాలన్న పట్టుదల ఏమైనా ఉందేమో మీరే చూసుకోండి.

ప్రీలాంచ్ దగ్గర మాత్రం రెండు దారులున్నాయని చెప్పలేను. వద్దు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టు గానీ రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, రిజిస్టర్ కాకుండా ప్రకటనలు ఇవ్వడం, అమ్మడం, బుక్ చేయించుకోవడం చట్టవిరుద్ధం. రిజిస్టర్ అయినా సరే, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో పది శాతం మించి తీసుకోకూడదు. 40 లక్షలూ ఒకేసారి ముందే కట్టమంటున్నారంటేనే అది ఏమిటో అర్థమవుతోంది. అనుమతులు రాకముందు బ్యాంకు దానికి ఇంటి లోన్ ఇవ్వదు, కాబట్టి మీరు 22 లక్షలూ పెట్టి మిగతాది పర్సనల్ లోన్‌గా తేవాలి. ఇలా తక్కువ ధరకు ఆశపడి కట్టి, ఏళ్ల తరబడి అపార్ట్‌మెంట్ లేక, డబ్బూ రాక పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరిగినవాళ్లు ఈ నగరంలో వందల మంది ఉన్నారు, అందులో మీలాంటి మొదటిసారి కొనేవాళ్లూ రిటైరైనవాళ్లూ ఎక్కువ. ఆడపడుచు భర్త మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు, వాదన పెట్టుకోకుండా "రెరా నంబర్ ఇవ్వండి అన్నయ్యా, చూసి చెబుతాం" అనండి చాలు. నంబర్ ఇస్తే తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, ఇవ్వకపోతే అక్కడితో ఆ మాట ఆగిపోతుంది.

ఇంటి సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టడం కూడా ఒక దారే. మీ ఆయన అన్న తీరు మీకు నచ్చలేదు కానీ, బ్యాంకు చుట్టూ తిరిగింది, జీతం స్లిప్పులూ ఫారాలూ పట్టుకుని లాయర్‌కి ఫోన్లు చేసింది, చివర్లో ఓనర్‌ని బతిమాలింది ఆయనే. ఆయన అలసిపోయారు. తన భార్య అడిగిన ఇల్లు ఇప్పించలేకపోయానన్న బాధని మగవాళ్లు చాలామంది "ఇక ఆ ఊసెత్తొద్దు" అనే చెబుతారు. ఆయనతో గొడవ పడకుండా ఒక తేదీ అనుకోండి, ఫలానా నెల వరకూ ఇంటి మాట ఇద్దరం ఎత్తం, ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం అని. తేదీ లేకుండా వదిలేస్తే అది మీ ఇద్దరి మధ్య ఎప్పటికీ నలుగుతూనే ఉంటుంది. ఆగితే ధరలు పెరగొచ్చు, అద్దె పెరగొచ్చు, నిజమే. దానికి విరుగుడుగా ఒకటి చెబుతాను: కొన్నట్టే అనుకుని నెలకు 54 వేలు పక్కన తీయండి. అందులో అద్దె 22 పోతే 32 వేలు ఒక వేరే ఖాతాలోకి. ఏడాదికి 3,84,000 అవుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ కిస్తీ మీ ఇల్లు మోయగలదో లేదో ముందే తెలిసిపోతుంది. మూడో నెలకే ఊపిరాడకపోతే బడ్జెట్ తగ్గించుకోవాలని అర్థం.

మీరు రాయని దారి ఒకటుంది, నాకు ఎక్కువ నచ్చింది అదే కాబట్టి చెబుతాను. 65 లక్షల్లో చూడండి. లోన్ 52, కిస్తీ 45 వేలు, చేతి నుంచి రిజిస్ట్రేషన్‌తో సహా సుమారు 17.9 లక్షలు. బ్రోకర్‌కి ఇచ్చాక కూడా మూడు లక్షల పైన మిగులుతుంది, మూడు పూటలా నిశ్చింతగా అన్నం తినొచ్చు. దీనికి మీరు కొంత వదులుకోవాలి. ఫ్లాట్ పాతదవుతుంది, లేదా బాచుపల్లి దాటి ఇంకాస్త లోపలికి పోవాలి, లేదా తులసి కోటకు చోటుండదు. పాతదైతే పైకప్పు చెమ్మ, లిఫ్టు, బోరు, అసోసియేషన్ బాకీలు చూసుకోవాలి. కానీ చిన్న అపార్ట్‌మెంట్లలో మీ వాటాకు వచ్చే భూమి, అదే యూడీఎస్, కొత్త టవర్లలోకన్నా ఎక్కువగా ఉంటుంది చాలాసార్లు, రేపు బిల్డింగ్ పడగొట్టి కట్టుకోవాల్సి వస్తే పనికొచ్చేది అదే. దూరం పోతే మీ స్కూలుకి బస్సులో ఎంతసేపో ఒక వర్షం రోజున వెళ్లి చూసుకోండి, ఆదివారం ఉదయం చూసి నిర్ణయించకండి.

ఎప్పుడు మొదలుపెట్టినా సరే, ఈసారి పని క్రమం మార్చండి. ఇల్లు నచ్చాక బ్యాంకుకు వెళ్లడం కాదు, మీ జీతాల మీద ఎంత ఇస్తారో మంజూరు లేఖ ముందే తీసుకుని పెట్టుకోండి. అది చేతిలో ఉంటే ఓనర్‌కి కూడా నమ్మకం, మీరు ఊరికే చూసిపోయే పార్టీ కాదని. ఇల్లు నచ్చగానే ఆ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌నో పైఫ్లాట్ వాళ్లనో అడగండి, ఈ బిల్డింగ్‌కి ఏ బ్యాంకు లోన్ ఇచ్చిందని. అదే బ్యాంకుకు వెళితే బిల్డింగ్ కాగితాలు వాళ్ల లాయరు అప్పటికే చూసి ఉంటాడు, చాలా రోజులు కలిసొస్తాయి. మీకు అడ్డం పడ్డ లింక్ డాక్యుమెంట్ లాంటివి కూడా అక్కడ చాలావరకు తేలి ఉంటాయి. బయానా ఇచ్చేముందే ఈసీ, అనుమతి వచ్చిన ప్లాన్, ఓసీ (కట్టిన బిల్డింగ్‌లో నివాసం ఉండొచ్చని ఇచ్చే పత్రం) జిరాక్స్‌లు అడగండి. ఓసీ లేదంటే ఎందుకు లేదో తెలియాలి. ప్రగతినగర్, నిజాంపేట్, బాచుపల్లి అంతా చెరువుల మధ్య ఉన్న ప్రాంతం, 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్ సంగతి చూడకుండా ఎవరూ కొనడం లేదు, మీరూ చూడండి. మొదటి రోజే క్యాష్ ఎంత అడుగుతున్నారో సూటిగా అడిగేయండి. పెద్ద మొత్తం క్యాష్ కావాలంటే ఆ ఇల్లు ఎంత బాగున్నా నమస్కారం పెట్టి వచ్చేయండి, పాపని లోపలికి తీసుకెళ్లకముందే.

బయానా ఎప్పుడూ చెక్కో బ్యాంకు బదిలీయో, వెంటనే రసీదు. ధర, గడువు, లోన్ రాకపోతే అడ్వాన్స్ తిరిగివ్వాలి, ఓనర్ వెనక్కి తగ్గితే ఇంత అదనంగా కట్టాలి అనే నాలుగు మాటలు ఆ రసీదు మీద ఉండాలి, ఓనరూ మీరూ సాక్షులూ సంతకాలు పెట్టాలి. తర్వాత వారం పది రోజుల్లో అగ్రిమెంట్. ఇల్లు 50 లక్షలు, ఆపైనైతే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ఒక శాతం పన్ను (టీడీఎస్) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సింది మీరే, అదనపు ఖర్చు కాదు కానీ మరిచిపోతే వడ్డీ, జరిమానా మీ మీదే పడతాయి. ఓనర్ విదేశంలో స్థిరపడ్డవాళ్లైతే ఆ ఒక శాతం లెక్క వర్తించదు, చాలా ఎక్కువ పట్టాలి, ఆడిటర్‌ని అడక్కుండా డబ్బు కదపకండి.

మూఢం గురించి. దీని మీద మీ అత్తగారితో వాదించి గెలవాలని చూడకండి, ఆవిడ నమ్మకం ఆవిడది. ఇప్పుడే, ఇల్లేమీ చేతిలో లేనప్పుడే, శాంతంగా అడగండి: "అత్తయ్యా, ఈసారి నచ్చిన ఇల్లు దొరికితే రసీదు, అగ్రిమెంట్ అప్పటికప్పుడు రాసుకుందాం, రిజిస్ట్రేషన్, పాలు పొంగించడం మీరు చెప్పిన మంచి రోజునే చేద్దాం, సరేనా?" అని. చాలా ఇళ్లలో పెద్దవాళ్లు దీనికి ఒప్పుకుంటారు, మీకు తెలిసిన పురోహితుడి చేత ఒక మాట చెప్పిస్తే ఇంకా తేలిక. ఆవిడని క్షమాపణ అడగమని మీరు కోరుకుంటున్నారని అర్థమైంది. అది రాకపోవచ్చు. దానికోసం ఎదురుచూస్తూ మాట్లాడకుండా ఉంటే మధ్యలో నలిగేది పాప. ఆ 25 లక్షల క్యాష్ లెక్క మీ ఆయన చేత ఇంట్లో అందరి ముందు ఒకసారి చెప్పించండి. ఆవిడ గుండె మీది బరువు దిగుతుంది, మీ కోపం కూడా కొంత తగ్గుతుందని నా నమ్మకం. తగ్గకపోతే, మీకు ఆవిడ మీద ఉన్నది ఈ ఇంటి కోపం ఒక్కటేనా, ఇంకేమైనా పాతవి ఉన్నాయా అని మీరే చూసుకోవాలి. ఉంటే నాకు మళ్లీ రాయండి, అది వేరే ఉత్తరం అవుతుంది.

చుట్టాలు అడిగితే "కాగితాలు సరిగ్గా లేవు, వదిలేశాం" అనండి. అబద్ధం కాదు, లింక్ డాక్యుమెంట్ ఒకటి నిజంగానే లేదు కదా.

పాప స్కూలు అడ్మిషన్‌ని ఇంటితో ముడిపెట్టకండి. వచ్చే ఏడాదికి ఇప్పుడున్న నిజాంపేట్ స్కూల్లోనే చేర్చండి, ఇల్లు ఎక్కడ దొరుకుతుందో తెలియకుండా స్కూలు మార్చి డొనేషన్ కట్టొద్దు.

బ్యాంకులో ఇప్పుడు మీ ఫైలు ఏ దశలో ఉందో మీరు రాయలేదు. దాన్ని రద్దు చేయమని ఇంకా చెప్పకపోతే చెప్పకండి. మీ జీతాల పరిశీలన అయిపోయి ఉంటే దాని గడువు కొన్ని నెలలుంటుంది, ఆలోపు ఇంకో ఇల్లు చూపిస్తే ఇంటి కాగితాల పని మాత్రమే మళ్లీ జరుగుతుంది. గడువు ఎప్పటిదాకా, ఇల్లు మారిస్తే ప్రాసెసింగ్ ఫీజు మళ్లీ కట్టాలా అని మెయిల్‌లో అడిగి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి.